నా క్లాసుకి రాని అక్కయ్య

మా కాలేజీలో బోటనీ చెప్పే అక్కయ్యకి ఒకే ఒక్క జబ్బు ఉంది. ఎవరు పాఠం చెబుతున్నా వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంటుంది. అది తన క్లాసు కాదు, తన సబ్జెక్టు కాదు, రమ్మని ఎవరూ పిలవలేదు. అయినా సరే, భుజానికి సంచీ, చేతిలో ఫ్లాస్కు, బట్టల మీద ఎక్కడో అంటుకున్న ఒక ఎండాకు, వీటితో సహా గుమ్మంలో ప్రత్యక్షమై, "కూర్చోవచ్చాండీ?" అని అడుగుతుంది. పాఠం చెప్పే మనిషి తల ఊపాలా వద్దా అని తేల్చుకునేలోపు కూర్చుని, పుస్తకం తెరిచి, కలం మూత తీసి ఉంటుంది.

నాకూ ఒకటే జబ్బు. కుళ్ళు. దాచుకోవడం దేనికి? ఈ కాలేజీలో పంతొమ్మిదేళ్ళ నుంచి స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. పిల్లలు నాకు పెట్టిన పేరు సగటు సార్. ఆ పంతొమ్మిదేళ్ళలో అక్కయ్య వెళ్ళని క్లాసు లేదు, కూర్చోని బెంచీ లేదు, ఒక్క నా క్లాసు తప్ప.

ఆవిడ కూర్చోవడమంటే మామూలుగా కూర్చోవడం కాదు. ఒక ఏడాది కామర్స్ క్లాసులో ఎంత శ్రద్ధగా కూర్చుందంటే, చివర్లో పరీక్ష కూడా రాసింది. ముప్పై ఒక్క మార్కులు వచ్చాయి. పాసు కావాలంటే ముప్పై ఐదు రావాలి. నాలుగు మార్కులు కలిపెయ్యమని మేమందరం కామర్స్ ఆయన్ని బతిమాలితే ఆయన ఒప్పుకోలేదు, ఆవిడా ఒప్పుకోలేదు. మళ్ళీ చదివి, మళ్ళీ రాసి, యాభై రెండు తెచ్చుకుని స్టాఫ్‌రూములో అందరికీ బిస్కెట్లు పంచింది.

హిస్టరీ క్లాసులో హాజరు పిలుస్తుంటే, రాని పిల్ల ఎవరిదో నంబరు వచ్చినప్పుడు ఏదో ధ్యాసలో "ప్రెజెంట్ సార్" అనేసిందట. అది అలవాటైపోయి ఏడాదంతా అంది. ఆ పిల్ల హాజరు తక్కువై పరీక్షకి కూర్చోలేకపోవాల్సింది, ఎలా కూర్చుందో ఎవరికీ అర్థం కాలేదు.

ఇక సందేహాలు. గంట కొట్టాకే ఆవిడకి సందేహం వస్తుంది. డెబ్బై మంది పిల్లలు సంచులు సర్దుకుని, ఒక కాలు బెంచీ బయట పెట్టుకుని ఉంటే, వెనక నుంచి ఒక చెయ్యి లేస్తుంది. ఇక టీ విరామం గోవిందా. చివరికి పిల్లలు పెద్దసారుకి, అంటే మా ప్రిన్సిపాలుగారికి, అర్జీ పెట్టుకున్నారు. అక్కయ్యగారి సందేహాలన్నీ ముందురోజే తీర్చి పంపించగలరని వాళ్ళ మనవి.

అయినా ఎవరూ ఆవిడని రావద్దనరు. ఎందుకంటే చీటీ.

బోటనీ వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. మొక్కనో కొమ్మనో ఎండబెట్టి, అట్ట మీద అంటించి, కింద మూలన చిన్న చీటీ అతికిస్తారు. దొరికినది ఏమిటి, దొరికిన చోటు, తేదీ, చూసినవారు ఎవరు, ఈ నాలుగూ దాని మీద అచ్చు వేసి ఉంటాయి. అక్కయ్య చూసిన క్లాసుకి కూడా ఆ చీటీయే రాసిస్తుంది, ఆకుపచ్చ సిరాతో. తప్పులు రాయదు. క్లాసు మొత్తంలో మంచిది ఒక్కటంటే ఒక్కటి పట్టుకుని రాస్తుంది. ఉదాహరణకి కామర్స్ ఆయనకి ఇచ్చిన ఒక చీటీ ఇది: "దొరికినది: తప్పు జవాబు చెప్పిన పిల్లని కూర్చోమనలేదు, ఎలా వచ్చిందో చెప్పమన్నారు. దొరికిన చోటు: నాలుగో గది."

ఇంతే. దీనికి మనుషులు ఎంత పడి చస్తారో మీరు నమ్మరు. కెమిస్ట్రీ ఆయనకి పదకొండు చీటీలున్నాయి. పదకొండూ బల్ల మీద అద్దం కింద వరసగా పేర్చుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి టీ ఇచ్చే నెపంతో ఆ బల్ల దగ్గరికే పిలుస్తాడు, కప్పు మాత్రం అద్దం మీద పెట్టనివ్వడు. ఆటలు నేర్పే మాస్టారికి ఆరున్నాయి. అక్కడ బెంచీయే లేదు, ఆవిడ మైదానంలో గట్టు మీద కూర్చుని రాసిచ్చింది. చివరికి లైబ్రరీలో పుస్తకాలు ఎలా వెతుక్కోవాలో ఏడాదికి ఒక్క గంట చెప్పే లైబ్రేరియన్‌కి కూడా రెండు.

నాకు సున్నా.

ఇంట్లో ఈ బాధ చెప్పుకుంటే ఓదారుస్తుందనుకున్నాను మా ఆవిడ. తను ఆసుపత్రిలో నర్సు, రోజూ ఇంతకంటే పెద్ద నొప్పులే చూస్తుంది.

"ఒక్క చీటీ కోసం ఇంత ఏడుపా?"

"చీటీ కోసం కాదు. న్యాయం కోసం."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. వెళ్ళి అడుగు."

"అడిగి తీసుకుంటే దానికి విలువేముంది?"

మర్నాడు పొద్దున్న నా టిఫిన్ డబ్బా మూత మీద ఒక కాగితం అంటించి ఉంది. "దొరికినది: తిన్న కంచం తనే కడిగాడు. దొరికిన చోటు: మన వంటగది." దాన్ని చింపి పారేద్దామనుకున్నాను. పారెయ్యలేదు, పర్సులో పెట్టుకున్నాను. అంత దిగజారిపోయాను.

అక్కయ్యని రప్పించడానికి నేను చెయ్యని ప్రయత్నం లేదు. తలుపులు బార్లా తెరిచి పాఠం చెప్పాను. వరండా చివరి దాకా వినిపించేలా గొంతు పెంచితే పక్కవాళ్ళు వచ్చి తలుపు మూసి వెళ్ళారు. స్టాఫ్‌రూములో టీ తాగుతూ, రేపు నేను చెప్పబోయే పాఠం చాలా ఆసక్తిగా ఉంటుందని గోడకి చెప్పినట్టు చెప్పాను. అక్కయ్య వింది కూడా. "అవునా తమ్ముడూ, చాలా సంతోషం" అని ఫ్లాస్కు మూత బిగించుకుంది. అంతే.

కడుపుమంట ఇంకా పెరగడానికి కారణం గది. నాది తొమ్మిదో నంబరు. దాని పక్కనే బోటనీ వాళ్ళ నమూనాల గది, ఎండిన మొక్కల అట్టలు దాచేది. నేను క్లాసు మొదలుపెట్టే వేళకి ఆవిడ సరిగ్గా నా గుమ్మం ముందు నుంచే నడిచి, నా వైపు చూసి ఒక చిన్న నవ్వు నవ్వి, ఆ పక్కగదిలోకి దూరుతుంది. ఎండిపోయిన ఆకులతో కూర్చోవడానికి తీరిక ఉంది, బతికున్న నాతో కూర్చోవడానికి లేదు.

ఆవిడ రాకపోతే పోనీ, వచ్చేవాళ్ళని కూడా రానివ్వదు. మూడేళ్ళకోసారి బయటి నుంచి తనిఖీ బృందం వస్తుంది. వరండాలో వరసగా ఒకటో గది, రెండో గది, చూసుకుంటూ ఎనిమిదో గది దాకా వస్తారు. ఇక్కడ నేను రంగు సుద్దలతో బోర్డు నిండా పటాలు గీసి, చొక్కా సర్దుకుని సిద్ధంగా ఉంటాను. అప్పుడు ఎక్కడి నుంచో ఊడిపడుతుంది అక్కయ్య. పురుగుల్ని తినే మొక్క ఒకటి మా తోటలో ఉందని, అది ఇప్పుడే నోరు తెరిచిందని, ఆలస్యమైతే మూసేస్తుందని చెబుతుంది. బృందం బృందమంతా పిల్లల్లా ఆవిడ వెనక పరుగు. ఆరు తనిఖీలు జరిగాయి. ఆరుసార్లూ ఆ మాయదారి మొక్క సరిగ్గా నా గుమ్మం దగ్గరికి వచ్చేసరికే నోరు తెరిచింది.

నా క్లాసు ఎవరూ చూడలేదంటే, మొత్తం ఎవరూ చూడలేదని కాదు. చేరిన మొదటి నెలలో అప్పటి పెద్దసారు ఒకసారి వచ్చి వెనక కూర్చున్నారు. ఆ రోజు సుద్దముక్క అయిపోతే తేవడానికి బయటికి వెళ్ళాను. అంతకంటే దాని గురించి చెప్పేదేమీ లేదు.

పోయినేడు మాకు మూడు రోజుల శిక్షణ జరిగింది. ఇలాంటివంటే నాకు ప్రాణం. ఎక్కడ శిక్షణ ఉన్నా మొదటి వరసలో నేనే ఉంటాను, నా ఫైలులో ఇరవై ఏడు సర్టిఫికెట్లున్నాయి. ఈసారి వచ్చిన నిపుణుడు బాగా పేరున్నవాడు. తెర మీద బొమ్మలు వేసి, పిల్లల్ని ఎలా ఆకట్టుకోవాలో పొద్దుటి నుంచి చెబుతున్నాడు. మధ్యాహ్నానికి సగం మంది కళ్ళు తెరిచే నిద్రపోతున్నారు. వెనక నుంచి చెయ్యి లేచింది.

"మీ క్లాసు ఎప్పుడు చూడొచ్చండీ?" అంది అక్కయ్య.

తను క్లాసులు చెప్పి పన్నెండేళ్ళయిందని, ఇప్పుడు చెప్పేవాళ్ళకి చెబుతున్నానని ఆయన నవ్వుతూ అన్నాడు.

"అయ్యో, పన్నెండేళ్ళా. అయితే మీకు బెంగగా ఉండి ఉంటుంది. రేపు పొద్దున్న నా ఫస్టియర్ క్లాసు మీరు చెప్పండి. నేను వెనకే ఉంటాను."

ఆవిడ వెటకారంగా అనలేదు. వెటకారం ఆవిడకి రాదు, అదే ఆవిడతో పెద్ద చిక్కు. ఆయన కాదనలేకపోయాడు. మర్నాడు ఆ ఫస్టియర్ పిల్లల ముందు ఆయన పడ్డ పాట్లు కిటికీలోంచి మేమందరం చూశాం. పావుగంట చెమటలు కక్కాడు. తర్వాత ఒక పిల్ల ఏదో అడిగితే తెర సంగతి మరిచిపోయి, సుద్దముక్క తీసుకుని, చొక్కా నిండా పొడి చేసుకుంటూ హాయిగా చెప్పుకుపోయాడు. గంట కొట్టాక అక్కయ్య చీటీ ఇచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నాడు, మిగతా రెండు రోజులూ తెర వెయ్యలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్న వచ్చినవాడికి చీటీ. పంతొమ్మిదేళ్ళుగా పక్కగదిలో పడి ఉన్నవాడికి లేదు.

ఆ శిక్షణ అయ్యాక పెద్దసారుకి ఒక ఆలోచన వచ్చింది. బయటివాళ్ళు మూడు రోజులు చెప్పి పోతే లాభం లేదు, కొత్తగా చేరిన లెక్చరర్లకి ఏడాది పొడుగునా తోడుండే మనిషి కాలేజీలోనే కావాలి అని. మేడ మీద పాత రికార్డుల గది ఖాళీ చేయించారు. సున్నం వేయించి, రెండు కుర్చీలు, ఒక గుండ్రబల్ల వేయించారు. ఆ గదికి ఒక బాధ్యుడు. ఆయనకి ఒక తాళంచెవి, తలుపు మీద పేరుతో పలక. దరఖాస్తుకి శుక్రవారం సాయంత్రం ఆఖరు.

నాకు ఆ గది కావాలి. అంత కావాలనుకున్న వస్తువు జీవితంలో ఇంకొకటి లేదు. పంతొమ్మిదేళ్ళలో ఎవరూ నన్ను వచ్చి, పాఠం ఎలా చెప్పాలి అని అడగలేదు. అడగాలంటే ముందు ఒక తలుపు ఉండాలి, దాని మీద నా పేరుండాలి. నోటీసు బోర్డు దగ్గరే మనసులో ఆ పలక కూడా బిగించేసుకున్నాను. అప్పుడు కింది వాక్యం చదివాను. సర్టిఫికెట్లతోపాటు, దరఖాస్తుదారు క్లాసు మొత్తం కూర్చుని చూసిన సహోద్యోగి రాసిన నివేదిక ఒకటి జతచేయాలి.

ఇరవై ఏడు సర్టిఫికెట్లున్నాయి. ఆ ఒక్క కాగితం లేదు. స్టాఫ్‌రూములో అందరి నోటా ఒకే మాట, ఆ గది అక్కయ్యదే, వేరేవాళ్ళు పెట్టడం దండగ అని. నాకు నివేదిక రాయగలిగిన మనిషీ ఆవిడే, నా గది కొట్టేయబోయే మనిషీ ఆవిడే.

సోమవారం సిగ్గు విడిచి అడిగాను. వరండాలో, తొమ్మిదో గది గుమ్మం దగ్గర, చేతిలో సుద్దముక్క తిప్పుకుంటూ.

"అక్కయ్యా, ఒకసారి నా క్లాసుకి రావాలి మీరు."

ఆవిడ నా మొహం చూసింది. తర్వాత నా చెయ్యి చూసింది. సుద్దముక్క ఎప్పుడు విరిగిందో విరిగి, సగం కింద పడి ఉంది.

"వద్దులే తమ్ముడూ" అంది. "ఇప్పుడెందుకు."

"నివేదిక కావాలి కదా."

"దాని సంగతి నేను చూస్తాలే."

అని పక్కగదిలోకి వెళ్ళిపోయింది. పుండు మీద కారం చల్లడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆటల మాస్టారి కోసం ఎండలో గట్టు మీద కూర్చున్న మనిషి, నా కోసం గుమ్మం దాటలేదు.

గురువారం ఆఫీసులోకి ఏదో పని మీద వెళ్ళాను. పెద్దసారు బల్ల మీద ఒక కవరు ఉంది. మీద ఆకుపచ్చ సిరా. క్లర్కుని మెల్లగా కదిపితే, అక్కయ్యగారే ఇచ్చి వెళ్ళారని, ఆ మేడమీద గది గురించేనని చెప్పాడు.

అదన్నమాట సంగతి. తను దరఖాస్తు పెట్టుకోవాలి కాబట్టి నాకు నివేదిక రాయదు. "నేను చూస్తాలే" అంటే ఇదా చూడడం? నాలో ఉన్న కుళ్ళంతా ఒక్కసారి కాళ్ళలోకి దిగింది. మెట్లు దిగి, వరండా దాటి, నమూనాల గది తలుపు తోశాను. పంతొమ్మిదేళ్ళవీ కలిపి ఈరోజు కడిగెయ్యాలి.

లోపల ఎవరూ లేరు. జిగురు వాసన, ఎండుగడ్డి వాసన. నాలుగు వైపులా బీరువాలు, ఒక్క మా గది వైపు గోడకి తప్ప. అక్కడ పైన చెక్కపలకల వెంటిలేటరు, దాని కింద బోర్లించిన చెక్కపెట్టె, పెట్టె మీద అరిగిపోయిన చిన్న దిండు. అలా చూస్తుండగానే ఒక గొంతు వినబడింది. గోడ అవతల, నా తొమ్మిదో గదిలో, ఆ గంట మ్యాథ్స్ ఆయన క్లాసు. ఆయన దగ్గు, సుద్ద గీత చప్పుడు, వెనక బెంచీ పిల్ల గుసగుస, అన్నీ నా చెవి పక్కన జరిగినంత స్పష్టంగా వినబడుతున్నాయి.

పెట్టె పక్కన ఒక అట్టల కట్ట ఉంది. మొక్కలు అంటించేవే, నాడాతో కట్టినవి. విప్పాను. మొక్కలు లేవు. చీటీలున్నాయి, అట్టకి నాలుగు చొప్పున. అన్నిటి మీదా దొరికిన చోటు ఒకటే: "గోడ అవతల."

"గొంతు వణుకుతోంది. కానీ ఆగలేదు." దాని మీద తేదీకి పంతొమ్మిదేళ్ళు.

"ఒకే లెక్క మూడుసార్లు, మూడు రకాలుగా చెప్పాడు. మూడోసారి కూడా కోపం లేదు."

"తనకి తెలీదని, రేపు చూసి చెబుతానని అన్నాడు. మర్నాడు నేనూ వచ్చాను. చెప్పాడు."

"పిల్లలు నవ్వారు. ఈసారి తనూ నవ్వాడు."

వెనక తలుపు కిర్రుమంది. తిరిగి చూస్తే అక్కయ్య. ఫ్లాస్కు పట్టుకుని నిలబడింది. తేలు కుట్టిన దొంగలా నేనుండాలి కదా, ఆవిడ ఉంది.

"చూసేశావా" అంది.

"ఇదేమిటి అక్కయ్యా?"

"చివరి బెంచీయే. కాకపోతే మధ్యలో గోడ ఉంది."

"గుమ్మంలోంచి రావచ్చు కదా. పంతొమ్మిదేళ్ళు!"

"నువ్వే కదా రావద్దన్నావు" అంది ఆవిడ. "మాటిచ్చాను నీకు."

ఇప్పుడు మీకు ఆ సుద్దముక్క సంగతి చెప్పాలి. చేరిన మొదటి నెలలో అప్పటి పెద్దసారు వచ్చి వెనక కూర్చున్నప్పుడు సుద్దముక్క అయిపోలేదు. పెట్టె నిండా ఉంది. వెనక పెద్దమనిషి కూర్చోగానే నాకు నోరు పెగల్లేదు, రాసింది రాసినట్టు కళ్ళ ముందు అలుక్కుపోయింది. సుద్ద తెస్తానని బయటికి వెళ్ళి, మళ్ళీ వెళ్ళలేదు. సైకిళ్ళ షెడ్డు వెనక నేల మీద కూర్చున్నాను. అక్కడికి ఏ మొక్క కోసమో వచ్చిన అక్కయ్య నన్ను చూసింది. ఏమీ అడగలేదు, ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చింది. తర్వాత వెళ్ళి, మిగిలిన అరగంట నా క్లాసులో పిల్లలకి ఆకుల్లో ఈనెలు లెక్కపెట్టించి, అది నేను ఏర్పాటు చేసిన లెక్కేనని పెద్దసారుకి చెప్పింది. ఇదంతా నాకు గుర్తుంది. గుర్తులేనిదల్లా, ఆ షెడ్డు వెనక నేను ఆవిడతో అన్న మాట.

"వెనక ఎవరైనా కూర్చుంటే చచ్చిపోతాను, ఇంకెవర్నీ రానివ్వకండి అక్కయ్యా అన్నావు" అంది ఆవిడ. "రానివ్వలేదు. ఆ బృందాలతోనే కొంచెం కష్టమయ్యేది. ఆ మొక్క నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వాళ్ళకి తెలీదు కాబట్టి సరిపోయింది."

నేను పెట్టె మీద కూర్చున్నాను. బృందం వెనక్కి తిరిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిన మాట నిజం. ఆ మంటకి ముందు ఒక్క క్షణం ఊపిరి తేలిగ్గా ఆడిన మాట కూడా నిజం. ఆ క్షణం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, నాకు నేనూ చెప్పుకోలేదు.

"మరి అందరి క్లాసులకీ వెళ్ళడం ఎందుకు మొదలుపెట్టారు?"

"నీ కోసమే. అందరి క్లాసుల్లోనూ ఎవరో ఒకళ్ళు వెనక కూర్చుంటూ ఉంటే, అదో వింత కాదనిపిస్తుందని. అప్పుడు నీకు భయం పోయి నువ్వే పిలుస్తావనుకున్నాను. ఒక ఆర్నెల్లు పడుతుందనుకున్నాను." ఆవిడ టీ పోసి మూత నా చేతికిచ్చింది. "తర్వాత నాకే రుచి మరిగింది, అది వేరే సంగతి."

"సోమవారం పిలిచాను కదా."

"నీ నోరు పిలిచింది. చెయ్యి పిలవలేదు. సుద్ద విరిగింది చూడు."

అయినా కుళ్ళు కుళ్ళే. ఆ కవరు సంగతి అడిగాను.

"నీ నివేదికే. పన్నెండు పేజీలు. పెద్దసారు ఇప్పుడే తిప్పి పంపారు. గోడ అవతల నుంచి విన్నది లెక్కలోకి రాదట, కళ్ళతో చూడాలట. అదే నీకు చెబుదామని వస్తున్నాను."

"మీరు దరఖాస్తు పెట్టలేదా?"

"నేనా? ఆ గదిలో కూర్చుంటే క్లాసులు ఎవరు చూస్తారు?"

టీ తాగేశాను. మూత తిరిగి ఇచ్చేటప్పుడు నా చెయ్యి వైపు చూసుకున్నాను. వణుకుతోంది. దానితో పని లేదనుకున్నాను.

"రేపు మూడో గంట, అక్కయ్యా. చెయ్యి ఎలాగూ వణుకుతుంది. మీరు రండి."

శుక్రవారం మూడో గంటకి "కూర్చోవచ్చాండీ?" అని గుమ్మంలో వినబడింది. ఈసారి ఆవిడ కూర్చోలేదు. నేను తల ఊపేదాకా అక్కడే నిలబడింది. పిల్లలు ఆవిడకి చోటిచ్చి మళ్ళీ నా వైపు తిరిగారు, వాళ్ళకి ఇదేమీ వింత కాదు. నాకు మొదటి పది నిమిషాలు ఏం చెప్పానో తెలీదు. బోర్డు మీద గీసిన సరళరేఖ వాగులా వచ్చింది. ఒక కుర్రాడు అది సరళరేఖేనా సార్ అంటే, ఈరోజుకి ఇదే సరళరేఖ అనుకోమన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అక్కడి నుంచి గొంతు దారిలో పడింది. గంట కొట్టింది. వెనక నుంచి చెయ్యి లేచింది. పంతొమ్మిదేళ్ళుగా గోడ అవతల దాచుకున్న సందేహాలు కాబోలు, వరసగా తొమ్మిది అడిగింది. పిల్లలు నన్ను తిట్టుకున్నారు. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

చీటీ చేతికిచ్చింది. "దొరికినది: చేతులు వణికాయి. లెక్క వణకలేదు. దొరికిన చోటు: చివరి బెంచీ."

అక్కయ్య మళ్ళీ రాసిచ్చిన నివేదిక సాయంత్రం నాలుగున్నరకి జతచేశాను. అక్కయ్య పెట్టుకుంటుందనుకుని ఇంకెవరూ దరఖాస్తు పెట్టలేదు. ఆ విధంగా గట్టి పోటీలో గది నాకే వచ్చింది.

ఆ అట్టల కట్ట చంకలో పెట్టుకుని స్టాఫ్‌రూములోకి కాస్త నెమ్మదిగానే నడిచాను. కెమిస్ట్రీ ఆయన బల్ల మీదే విప్పి, లెక్కపెట్టమన్నాను. డెబ్బై నాలుగు, ఈరోజుదానితో డెబ్బై ఐదు. ఆయన తన పదకొండింటి వైపు చూసుకున్నాడు. తర్వాత, మా ల్యాబు పక్కన గది ఏదైనా ఖాళీగా ఉందా అని అడిగాడు. ఆ అడగడంలో ఉన్న మంట నాకు బాగా తెలిసిందే కాబట్టి, నవ్వకుండా, కనుక్కుంటానన్నాను.

మేడ మీద గదికి పలక బిగించిన వారానికి మొదటి మనిషి వచ్చింది. ఫిజిక్సులో కొత్తగా చేరిన అమ్మాయి. కుర్చీ అంచున కూర్చుంది.

"సార్, మీరు కొత్తవాళ్ళ క్లాసులకి వచ్చి కూర్చుంటారట కదా. దయచేసి నా క్లాసుకి రావద్దు సార్. ఎవరైనా వెనక ఉంటే నాకు మాట రాదు."

"రానమ్మా" అన్నాను. "నువ్వు పిలిచేదాకా రాను."

ఆ అమ్మాయి వెళ్ళాక గదికి తాళం వేశాను. టైంటేబిలు చూశాను. ఫిజిక్సు గది పక్కన పాత పరికరాల కొట్టు ఒకటుంది, మధ్య గోడకి పైన చిన్న కిటికీ. మర్నాడు ఆమె క్లాసు వేళకి, జేబులో చీటీలు పెట్టుకుని, చంకలో ఒక స్టూలు పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా ఆ కొట్టు తలుపు తీశాను.

కిటికీ కింద, బోర్లించిన చెక్కపెట్టె మీద, ఒళ్ళో పుస్తకం తెరుచుకుని అక్కయ్య అప్పటికే కూర్చుని ఉంది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుని, కొంచెం పక్కకి జరిగింది.

ఇక్కడ కూడా నాకంటే ముందే. ఒళ్ళు మండిపోయింది. స్టూలు కింద పెట్టి, ఆవిడ పక్కనే కూర్చున్నాను.